కనిపించని రఫ్ఫు

నవంబరు 9

చిట్టీ,

మీ వదిన చెబుతుంటే మేడ మీద అద్దెకుంటున్న టైపిస్టు ఆవిడ రాస్తున్న ఉత్తరం ఇది. రిటైరైనా ఆవిడ చెయ్యి ఊరుకోదట, అందుకని ఒప్పుకుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలన్నాను. తిట్లు మాత్రం రాయనంది. కాబట్టి ఎక్కడైనా మాట చప్పగా తగిలితే అక్కడ ఒక తిట్టు ఉండేదనుకో. ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. నీ చెవుడుకి సరిపడా నేను అరిస్తే, నా కథ నీకంటే ముందు వీధికి తెలుస్తుంది.

కంగారు పడకు. నన్ను కుక్క కరిచింది. ఏ కుక్కో నీకు చెప్పక్కర్లేదు. లాండ్రీ షావుకారు కుక్క, ఆ దొర. కుక్కకి దొర అని పేరు పెట్టినవాడు మనుషుల్ని ఏమని పిలుస్తాడో చూసుకో అని నువ్వు అక్కడ ఇస్త్రీ చేసే రోజుల్లోనే అన్నాను.

మంగళవారం పొద్దున రఫ్ఫు చేసిన బట్టల మూట పట్టుకుని ఎప్పట్లాగే వెనక తలుపుకి వెళ్ళాను. గొలుసు మేకుకి ఊరికే వేలాడుతోంది. కుక్క లేదనుకున్నాను. అది ఆవిరి గొట్టం పక్కన వెచ్చగా పడుకుని ఉంది. మొరిగే కుక్క కరవదంటారు, ఇది మొరగనే లేదు. మూట లోపలికి అందిద్దామని చెయ్యి చాపానో లేదో, నా కుడి చెయ్యి దాని నోట్లో ఉంది. మీ అన్నయ్య కోటు తొడుక్కున్నాను కాబట్టి ముంజేయి దక్కింది. కోటు చెయ్యి మాత్రం మణికట్టు నుంచి మోచేతి దాకా చీలిపోయింది. వేళ్ళకి కోటు ఉండదు కదా, బొటనవేలూ చూపుడువేలూ నలిగిపోయాయి.

షావుకారు నా కేకలు విని వచ్చాడు. "ఆడుకుంటోంది అవ్వా, భయపడకు" అన్నాడు.

"నా చెయ్యి దాని నోట్లో ఉంటే ఆట ఎవరిదిరా?" అన్నాను.

"తోక గానీ తొక్కావా?"

"అది పట్టుకుంది చెయ్యి. చేత్తో తోక తొక్కే విద్య నాకు రాదు" అన్నాను. ఇక్కడ ఒక తిట్టు ఉంది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. లోపలి నరం తెగిందేమో, వాపు తగ్గాక చూస్తామన్నాడు డాక్టరు. సూది పట్టేవి ఆ రెండు వేళ్ళే. మిగతా మూడూ భోజనానికి వచ్చిన చుట్టాలు. చిరిగిన బట్టలో చిరుగు కనపడకుండా పోగులు అల్లడం తప్ప నాకింకో పని రాదని నీకు తెలుసు.

నీ పిక్క పట్టుకున్నదీ ఇదే కుక్క కదే. అప్పుడు నీ కాలు నా బకెట్టులో పెట్టి కడిగాను. షావుకారు ఇంజెక్షన్లు వేయించి "బయట అనుకోకండి" అన్నాడు. నువ్వు తలూపావు, నేను పళ్ళు కొరుక్కున్నాను. ఇప్పుడు నా వంతు వచ్చింది.

నువ్వు రావద్దు. బస్సులో నీ మోకాళ్ళు పట్టేస్తాయి.

మీ వదిన


నవంబరు 15

వదినా,

ఉత్తరం చదివి అన్నం సహించలేదు. రావద్దంటే నేను ఆగుతానా? శుక్రవారం బస్సుకి వస్తున్నాను. నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి.

నీ చేతి మీద బతికిన ఇల్లు మనది. అన్నయ్య పోయాక నన్నూ నా కొడుకునీ రెండేళ్ళు సాకింది ఆ చెయ్యే. దాన్ని కుక్క పట్టుకుందంటే నా పేగు కదిలింది. నువ్వు బరువులెత్తకు. గిన్నెలు తోమకు. నేను వచ్చి అన్నీ చూస్తాను.

మావాడికి ఏదో పని కుదిరేలా ఉంది. వచ్చాక చెబుతాను. నా రాత చూసి ఆ టైపిస్టు ఆవిడ నవ్వుకుంటుందేమో. ఐదో తరగతి రాత ఇంతే అని చెప్పు.

చిట్టి


డిసెంబరు 3

చిట్టీ,

నువ్వు బస్సెక్కాక ఇల్లు బోసిపోయింది. నువ్వు సర్దిన గిన్నెలు ఎక్కడ పెట్టావో తెలియక మూడు రోజులుగా ఒక్క గిన్నెతోనే కాలక్షేపం చేస్తున్నాను. ఉప్పు డబ్బా అటక మీద పెట్టేదానివి నువ్వొక్కదానివే ఈ ప్రపంచంలో.

అసలు సంగతికి వస్తాను. చలేసి మీ అన్నయ్య కోటు తీశాను. చిరుగు కోసం వెతికాను. లేదు. కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. అప్పుడూ లేదు. వేలితో తడిమితే గానీ తెలియలేదు. నేను మందు మత్తులో పడుకున్న మధ్యాహ్నాల్లో నువ్వు కిటికీ దగ్గర కూర్చుని చేసింది ఇదా దొంగపిల్లా! అంచు మడత లోపలి నుంచి పోగులు లాగి, ఆ పోగులతోనే పడుగూ పేకా కలిపేశావు. నేను నేర్పిన పనే. కానీ నేనైనా ఇంత బాగా చెయ్యలేను. బాగా విను, ఈ మాట మళ్ళీ అనను.

ఇక నవ్వకు. టైపిస్టు ఆవిడ తనకు తెలిసిన లాయరమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది. షావుకారు కొట్టుకి బీమా ఉందట. కుక్క కరిస్తే ఆ బీమా కంపెనీ నష్టం కట్టాలట. కాకపోతే మన సాక్ష్యం ఎంత గట్టిగా ఉంటే వాళ్ళ చెయ్యి అంత వదులవుతుందట.

"కోటు తెచ్చారా అమ్మా?" అంది లాయరమ్మ.

"ఇదిగో."

"చిరిగిందన్నారు?"

"చిరిగింది."

"ఎక్కడ?"

"కనిపించదు. అదే గొప్ప. మా ఆడపడుచు చేసింది" అన్నాను, ఛాతీ పొంగించి.

లాయరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి రెండు చేతులతో తల పట్టుకుంది. "అమ్మా, పంటి గాట్లున్న కోటు మనకి సాక్ష్యం. దాన్ని ఉతికి, కుట్టి, ఇస్త్రీ చేసి తెచ్చారు."

"ఇస్త్రీ చెయ్యలేదు" అన్నాను.

నువ్వు బాధపడకు. నీకేం తెలుసు, నాకేం తెలుసు? చిరుగు కనిపిస్తే పూడ్చేదాకా నిద్రపట్టని చేతులు మనవి. చిరుగుని చిరుగ్గానే దాచుకోవాలని మనకెవరు చెప్పారు? ఆసుపత్రి వాళ్ళు కట్టు కట్టకముందు ఫొటోలు తీశారట, అవి ఉన్నాయి. డాక్టరు రాసినది ఉంది. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉందంది లాయరమ్మ. ఆ కుక్క ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా? అది యజమానికి తెలుసా? తెలిసీ గొలుసు విప్పి వదిలితే తప్పు మొత్తం అతనిదే. తెలియదంటే, పాపం అనుకోకుండా జరిగిందని బీమా వాళ్ళు సగానికి కోసేస్తారట.

నేను కుర్చీలోంచి లేచాను. "ఉంది! పిక్కంత సాక్ష్యం ఉంది!" అన్నాను.

బీమా మనిషి నీ దగ్గరికి వస్తాడు. కరిచిన సంగతి, ఇంజెక్షన్ల సంగతి, బయట అనకండి అన్న సంగతి చెప్పు. కోటు పోతే పోయింది. నోరున్న సాక్ష్యానివి నువ్వున్నావు.

ఉప్పు డబ్బా లాంటివి ఇంకేం దాచావో రాయి.

మీ వదిన


డిసెంబరు 14

వదినా,

కోటు సంగతి చదివి సిగ్గుతో చచ్చిపోయాను. అన్నయ్య కోటు అలా నోరు తెరుచుకుని మేకుకి వేలాడుతుంటే చూడలేకపోయాను. అంతే.

ఆ పాత ఊసు ఇప్పుడెందుకు వదినా? నాది ఏపాటి గాయం? నీ వయసుకి ఈ లాయర్లూ ఆఫీసులూ ఏం తిరుగుతావు? షావుకారు నోటి దురుసు మనిషే గానీ మనసు చెడ్డది కాదు. ఆయనంతట ఆయన ఏదో ఇస్తాడు. ఇచ్చింది పుచ్చుకుని హాయిగా ఉండకూడదూ? పోట్లాట పెరిగితే ఎవరికి లాభం?

సరేలే. ఎవరైనా వచ్చి అడిగితే నాకు తోచింది చెబుతాను.

పసుపు రంగు మూత డబ్బాలో చక్కెర ఉంది. గిన్నెలు మంచం కింద పెట్టెలో పెట్టాను.

చిట్టి


జనవరి 5

చిట్టీ,

గిన్నెలు మంచం కింద పెట్టినదానికి ఏ శిక్ష వెయ్యాలో ఆలోచిస్తున్నాను.

నీకు తోచింది చెబుతానన్నావు, చాలు. నీకు తోచేది నిజం తప్ప ఇంకేముంటుంది? లాయరమ్మకి అదే చెప్పాను, సాక్షి సిద్ధం అని.

బీమా మనిషి ముందు నా దగ్గరికే వచ్చాడు. నున్నగా దువ్విన తల, చంకలో సంచీ. కూర్చోమన్నాను, మంచినీళ్ళిచ్చాను. చెంబు ఎత్తితే చూసి, "చెయ్యి బాగానే పనిచేస్తోందే" అన్నాడు.

"అది ఎడమ చెయ్యి నాయనా. కుడి ఎడమలు మీ బడిలో చెప్పలేదా?"

అతను నవ్వలేదు. "ఆ కుక్కని ఎప్పుడైనా కొట్టారా?"

"కొట్టలేదు. ఇప్పుడు కొట్టాలనుంది."

రాసుకున్నాడు. ఏం రాశావురా అంటే, "కుక్కని కొట్టాలనే ఉద్దేశం ఉంది" అని చదివాడు. "కరిచాక వచ్చిన ఉద్దేశం అది, ముందూ వెనకా కూడా రాయి" అంటే, "మీ మాట మీరు చెప్పినట్టే రాశానమ్మా" అన్నాడు. ఈ మాట వినగానే లాయరమ్మ మళ్ళీ కళ్ళజోడు తీసింది. ఇకమీదట ఎవరితోనూ హాస్యాలాడొద్దని ఒట్టు వేయించుకుంది. నా నోటికి తాళం వెయ్యడం మీ అన్నయ్య వల్లే కాలేదు, ఆవిడ వల్ల అవుతుందా?

ఇప్పుడు నవ్వు పక్కన పెడతాను. వాపు తగ్గాక డాక్టరు చూశాడు. నరం తెగిందట. ఆపరేషన్ చేసి అతకాలి. ఎండలు ముదిరేలోగా చెయ్యకపోతే తెగిన కొస లోపలికి ముడుచుకుపోతుందట, లంగా బొందు కొస లోపలికి జారిపోయినట్టు. తర్వాత వెతికినా దొరకదు. దొరక్కపోతే ఈ రెండు వేళ్ళూ జన్మంతా కర్రముక్కలే. ఆపరేషన్‌కి తగినంత నా దగ్గర లేదు. బీమా వాళ్ళు ఇస్తేనే.

నిన్న ఒక చీరె తెచ్చి ఎవరో ఆవిడ "అవ్వా, ఈ నిప్పురవ్వ పడ్డ చోట పూడ్చి పెట్టవా" అంది. అలవాటుకొద్దీ చేతిలోకి తీసుకున్నాను. సూది నా వేళ్ళ మధ్య నుంచి కింద పడింది. వెతికి ఇచ్చింది ఆవిడ. చీరె తిరిగి ఇచ్చేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

ఆ మనిషి వస్తే గట్టిగా చెప్పు.

మీ వదిన


జనవరి 20

వదినా,

ఆ బీమా ఆయన వచ్చి వెళ్ళాడు. అడిగినవాటికి చెప్పాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఇక్కడ మంచు ఎక్కువగా ఉంది. మావాడు పని మీద ఊపిరాడకుండా ఉన్నాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

చిట్టి


ఫిబ్రవరి 3

చిట్టీ,

నువ్వు కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

నువ్వు చెప్పావని చెప్పి ఆ బీమా వాళ్ళు ఏం రాసుకున్నారో లాయరమ్మ నాకు చదివి వినిపించింది. నీ పిక్క మీద మచ్చ ఇస్త్రీ పెట్టె ఆవిరికి కాలిందట. ఆ కుక్క పిల్లి కంటే సాధువట. కోటు పాతదట, నువ్వు వచ్చినప్పుడు చిరుగేమీ చూడలేదట. ఇంకా విను. మూట చూపించి చూపించి కుక్కని ఏడిపించడం మీ వదినకి సరదా అని కూడా అన్నావట!

నాకు నవ్వు వచ్చింది. "ఇది నా ఆడపడుచు మాట కాదు" అన్నాను.

"కింద ఆవిడ సంతకం ఉందమ్మా" అంది లాయరమ్మ.

"ఆవిడకి చెవుడు. వాడు గొణిగి ఉంటాడు, ఇది వినపడక తలూపి ఉంటుంది. తలూపడం దానికి అలవాటు. చదవకుండా సంతకం పెట్టి ఉంటుంది."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అంది లాయరమ్మ మెల్లగా.

"మా ఇంట్లో దొంగలు లేరు" అన్నాను. ఆవిడ మొహం మీదే అన్నాను. లేచి వచ్చేశాను కూడా. టైపిస్టు ఆవిడ వెనకాలే గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

చిట్టీ, నీ అమాయకత్వం వాళ్ళకి పెట్టుబడి అయింది. ఆ కాగితం పట్టుకుని వాళ్ళు ఇస్తామంటున్నది ఆసుపత్రి గుమ్మం దాకా కూడా రాదు. నువ్వు వెంటనే లాయరమ్మకి ఒక ఉత్తరం రాయి. నాకు వినపడలేదు, నేను అన్నది అది కాదు, నన్ను కరిచింది ఆ కుక్కే అని రాయి. నీ ఐదో తరగతి రాతలోనే రాయి. ఆలస్యం చెయ్యకు. ఎండలు మొదలవుతున్నాయి, నా వేళ్ళు చూస్తే నాకే భయమేస్తోంది.

భయపడకు. నిన్ను ఎవరూ ఏమీ అనరు. అంటే నేనున్నాను.

మీ వదిన


ఫిబ్రవరి 15

వదినా,

నాకు బాగానే వినపడింది.

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను. షావుకారు మా ఊళ్ళో కొత్త కొట్టు తెరిచాడు. దాని మీద మావాణ్ణి పెట్టాడు. కొట్టు పైన రెండు గదులు మాకే ఇచ్చాడు. నిన్ను కుక్క కరవడానికి ముందే మాట అయింది. నీ దగ్గరికి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. నీ కట్టు చూశాక నోరు రాలేదు.

బీమా ఆయన రావడానికి ముందు రోజు షావుకారు భార్య వచ్చింది. ఏం చెప్పాలో ఆవిడే చెప్పింది. నా కొడుకు ఎన్నాళ్ళు ఖాళీగా తిరిగాడో నీకు తెలుసు. నీకు రెండు వేళ్ళు పోయాయి, వాడికి బతుకు పోతుంది. నన్నేం చెయ్యమంటావు?

కోటు మాత్రం వాళ్ళు చెప్తే కుట్టలేదు. ప్రేమతో కుట్టాను. నువ్వు అది ఒక్కటీ నమ్ము.

చిట్టి


ఫిబ్రవరి 24

చిట్టీ,

నీ ఉత్తరం టైపిస్టు ఆవిడ చదివింది. మళ్ళీ చదవమన్నాను. మూడోసారి చదవమంటే నా వల్ల కాదని మేడెక్కి వెళ్ళిపోయింది.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నాకు కోపం ఎందుకో నీకు తెలుసనుకుంటున్నావు. తెలియదు. నీ కొడుకు నా మేనల్లుడు. వాడికి పని దొరికితే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరు? "వదినా, వాడి పని పోతుంది, నన్ను సాక్ష్యానికి పిలవకు" అని ఒక్క మాట అని ఉంటే నేను పిలిచేదాన్నా? పిలిచేదాన్ని కాదు. ఆ బీమా వాడి ముందు నువ్వు నాకేమీ తెలియదని నోరు మూసుకున్నా నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు నోరు మూసుకోలేదు. తెరిచావు. తెరిచి నేను కుక్కని ఏడిపించానన్నావు. అది నీ కొడుకు పని కోసం చెప్పాల్సిన మాటేనా? ఆవిడ చెప్పమన్నదానికి నువ్వు ఎంత కలిపావు?

నేను మొదటి ఉత్తరంలో నీ పిక్క సంగతి రాస్తే, నువ్వు జవాబులో పేగు కదిలిందన్నావు గానీ పిక్క ఊసెత్తలేదు. నాకు అప్పుడే తెలియాల్సింది. నేనేమో లాయరమ్మ మొహం మీద మా ఇంట్లో దొంగలు లేరని చెప్పి వచ్చాను. ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, దొంగలు ఉన్నారని చెప్పడానికి నా కాళ్ళు ఎలా నడిచాయో నాకే తెలియదు. తడిగుడ్డతో గొంతు కోశావే.

కోటు మీద నీ రఫ్ఫు విప్పేశాను. లాయరమ్మ బీమా మనిషిని పిలిపించింది, అతని ముందే. కుడి చెయ్యి కోటు మీద బరువుగా పెట్టి, ఎడమ చేత్తో నీ పోగులు ఒక్కొక్కటీ లేపాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటింది. మధ్యలో అతను టీకి వెళ్ళివచ్చాడు. ఎడమ చేతి పని కదా, మంచి పోగులు కూడా కొన్ని తెగాయి. చివరికి చీలిక బయటపడింది. లోపలి గుడ్డ మీద పంటి గాట్లు ఉన్నాయి. అతను ఫొటోలు తీసుకుని, "చూస్తాం" అన్నాడు. "మధ్యలో రిపేరు చేసినదానికి మేము పూర్తి విలువ ఇవ్వలేం" అని కూడా అన్నాడు. కొంచెం పెంచారు. ఆపరేషన్‌కి చాలదు. కుక్క ముందు కరిచిందని తెలిస్తే తప్ప షావుకారు తప్పు పూర్తిగా నిలబడదట. అది చెప్పగలిగింది నువ్వొక్కదానివే. నేను అడగడం లేదు.

ప్రేమతో కుట్టానన్నావు. విప్పుతున్నంతసేపూ చూశాను. యాభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఎక్కడైనా తెలుస్తుందేమో అని చూశాను. తెలియలేదు. ప్రేమతో అల్లినా, ఒకరి కోసం దాచడానికి అల్లినా పోగు ఒకేలా కూర్చుంటుంది. నువ్వు వచ్చిన వారం రోజులూ నాకు అన్నం కలిపి పెట్టావు. అదీ అంతే. ఇప్పుడు ఏది తలుచుకున్నా రెండు రకాలుగా కనిపిస్తోంది. నా రెండు వేళ్ళు కుక్క తీసుకుంది. ఇది మాత్రం నువ్వు తీసుకున్నావు.

నాకు ఉత్తరాలు రాయకు.

వదిన


మార్చి 14

వదినా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. తిట్టుకో.

షావుకారు మావాణ్ణి తీసేశాడు. తన బావమరిది ఖాళీగా ఉన్నాడట, కొట్టు అతనికి అప్పజెప్పాడు. గదులు కూడా ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. నేను వెళ్ళి అడిగితే, "నీకు నేనేం రాసిచ్చానా?" అన్నాడు. ఆయన భార్య తలుపు తియ్యలేదు.

వదినా, నేను వచ్చి నిజం చెబుతాను. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ చెబుతాను. నా కాలు చూపిస్తాను. అబద్ధం చెప్పానని కూడా ఒప్పుకుంటాను, ఏ శిక్ష వేసినా సరే. మనం మనం ఒకటి, ఆ షావుకారు ఎవరు మనకి? నీ గుమ్మంలో ఒక మూల పడుకుంటాను. నీకు అన్నం కలిపి పెడతాను. నీ మీద ప్రేమతోనే వస్తున్నాను, నమ్ము.

ఏ రోజు రావాలో ఒక్క మాట రాయించు.

నీ చిట్టి


మార్చి 22

సాక్షి గారికి,

మీ ఉత్తరం అందింది. చదివించుకుని విన్నాను. మీ అబ్బాయి పని పోయినందుకు విచారిస్తున్నాను.

ఏప్రిల్ రెండో తేదీ ఉదయం రాజీ ఆఫీసులో రెండు పక్షాలనూ కూర్చోబెడుతున్నారు. మీరు రావాలి. ఆ రోజు తేలితే ఆపరేషన్‌కి ఇంకా వ్యవధి ఉందని, తేలకపోతే లేదని డాక్టరు చెప్పాడు. కాబట్టి మీ సాక్ష్యం నాకక్కర్లేదు అనేంత పౌరుషం నా దగ్గర లేదు.

బస్సు ఛార్జీలు లాయరు గారు ఇస్తారు. స్టాండు ఎదురుగా లాడ్జి ఉంది, మీ పేరు మీద గది చెప్పి ఉంచారు. కింద గదే అడిగాం, మీకు మెట్లెక్కడం కష్టమని. భోజనం అక్కడే దొరుకుతుంది. మా ఇంటికి రానక్కర్లేదు.

లాయరు గారు మీకు తెలియజేయమన్నవి ఇవి. మీ కాలి మీది మచ్చని డాక్టరు చూస్తాడు. కుక్క కరవడం, షావుకారు గారు ఇంజెక్షన్లు వేయించడం, బయట అనవద్దనడం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. మొదట అబద్ధం ఎందుకు చెప్పారని అవతలివాళ్ళు అడుగుతారు. కొడుకు పని కోసమని చెప్పండి. మరి ఇప్పుడు నిజం ఎందుకు చెబుతున్నారని అడుగుతారు. ఆ పని పోయింది కాబట్టి అని చెప్పండి. అది నిజమే కాబట్టి తడబడక్కర్లేదు.

వదిన మీద ప్రేమతో వచ్చానని మాత్రం అక్కడ అనకండి. రుజువు చూపించలేని మాట ఒక్కటి దొర్లినా మిగతా సాక్ష్యాన్ని కూడా నమ్మరట.

ఇట్లు,
కుక్క కరిచిన మనిషి